జెండా ఎగరేయడానికి అందరూ వస్తారు, దించడానికి ఎవరుంటారు?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ కాలనీ సంక్షేమ సంఘం పార్కులో 30 అడుగుల ఇనప స్తంభం వేయించింది. ఈ ఆగస్టు 15న దాని మీద మొదటిసారి జాతీయ జెండా ఎగరేస్తారు. ఆ తర్వాత రోజూ ఉంచొచ్చా, సాయంత్రం దించేయాలా అన్నది మీ మొదటి సందేహం. పక్కనే సంఘం జెండా, రాష్ట్రం జెండా కూడా పెడదామని కొందరు సభ్యులు అంటున్నారు. స్తంభానికి డబ్బిచ్చిన దాత అమెరికా నుంచి ముఖ్య అతిథిగా వస్తున్నారు కాబట్టి ఆ దేశం జెండా కూడా ఉండాలని ఇంకొకరి మాట. పోయినేడు వాడిన జెండా చిరిగి బీరువాలో ఉంది, దాన్నేం చేయాలో తెలియడం లేదు. సెక్రటరీగా ఏ తప్పు జరిగినా మాట మీకే వస్తుందని టెన్షన్ పడుతున్నారు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఏ బడికి బదిలీ అయినా జెండా కట్టే పని డ్రిల్లు మాస్టారిదే. అందుకని చట్టం ఏం చెబుతుందో, చేతికి ఏం తెలుస్తుందో రెండూ కలిపి చెబుతాను.

రోజూ ఉంచొచ్చు. రాత్రి కూడా ఉంచొచ్చు. ఒకప్పుడు ఇది కుదిరేది కాదు. 2002 దాకా మామూలు పౌరుడు తన ఇంటి మీద ఏడాది పొడవునా జాతీయ జెండా ఎగరేయడానికి లేదు, కొన్ని ప్రత్యేకమైన రోజుల్లోనే అనుమతి. పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ తన ఫ్యాక్టరీ మీద రోజూ జెండా ఎగరేస్తుంటే అధికారులు అడ్డుచెప్పారు. ఆయన కోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యం నడుస్తుండగానే 2002 జనవరి 26 నుంచి కొత్త ఫ్లాగ్ కోడ్, అంటే జెండా వాడకం నియమావళి, అమల్లోకి వచ్చింది. పౌరులు, ప్రైవేటు సంస్థలు, బడులు అన్ని రోజులూ జెండా ఎగరేసుకోవచ్చని అందులో రాశారు. 2004 జనవరి 23న సుప్రీంకోర్టు కూడా, గౌరవంగా జెండా ఎగరేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. అయితే అది హద్దుల్లేని హక్కు కాదనీ అదే తీర్పులో ఉంది.

అప్పటికీ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే అనే నియమం ఉండేది. మా తరం వాళ్ళకు అదే అలవాటు. సాయంత్రం ఆటల పీరియడ్ అయ్యాక ఇద్దరు పిల్లల్ని పిలిచి జెండా దింపించడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. 2022 జులైలో ఈ నియమం మార్చారు. ఆరుబయట గానీ, పౌరుడి ఇంటి మీద గానీ ఎగరేసిన జెండాను రాత్రీ పగలూ ఉంచొచ్చని సవరించారు. ప్రభుత్వ భవనాల పద్ధతి వేరు, అక్కడ ఎండైనా వానైనా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే.

చట్టం ఒప్పుకుంది కదా అని మీరు రోజూ ఉంచాలా అన్నది మాత్రం నేను మిమ్మల్ని తిరిగి అడుగుతాను. ఆగస్టు 15 పొద్దున మీ పార్కులో రెండు వందల మంది ఉంటారు. ఆగస్టు 25న ఆ జెండాను తలెత్తి చూసేది ఎవరు? వానకు నాని, ఎండకు వెలిసి, గాలికి కొట్టుకునే చివరి అంచు పీలికలై వేలాడుతుంటే దించే మనిషి ఎవరు? చిరిగిన జెండా, నలిగి మాసిన జెండా ఎగరేయకూడదని కోడ్‌లో స్పష్టంగా ఉంది. నేను చూసినంతలో జెండాకు జరిగే అగౌరవం నూటికి తొంభై పాళ్ళు ఎగరేసే రోజున జరగదు. ఆ తర్వాత జరుగుతుంది. అందుకే మీటింగు పెట్టినప్పుడు ముఖ్య అతిథి ఎవరన్న దానికంటే ముందు, జెండా బాధ్యత ఎవరిదో తేల్చండి. ఇద్దరి పేర్లు రాసుకోండి, ఒకరు ఊరెళితే ఇంకొకరు ఉండాలి. రోజూ ఉదయం ఒకసారి చూడాలి. పెద్ద గాలివాన వస్తుందంటే దించుకోవాలి. వానలో ఉంచకూడదని కాదు, తుపాను గాలికి ఒక్క రాత్రిలో గుడ్డ చిరిగిపోతుందని. అంత తీరిక ఎవరికీ లేదనుకుంటే ఆగస్టు 15, జనవరి 26 లాంటి రోజుల్లో ఉదయం ఎగరేసి సాయంత్రం దించి మడిచిపెట్టండి. అందులో తక్కువతనం ఏమీ లేదు. రోజూ ఉంచి పట్టించుకోకపోవడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

రాత్రి కూడా ఉంచదలిస్తే కింద నుంచి ఒక లైటు పడేలా పెట్టించండి. చీకట్లో ఎవరికీ కనబడని జెండా చిరిగినా ఎవరికీ కనబడదు.

గుడ్డ గురించి. ఇదివరకు చేత్తో వడికి చేత్తో నేసిన ఖాదీ జెండానే వాడాలి. 2021 డిసెంబరు 30న చేసిన సవరణతో మిషన్ మీద తయారైనవి, పాలిస్టర్‌వి కూడా వాడొచ్చు. నూలు, ఉన్ని, పట్టు సరేసరి. రోజూ బయట ఉండేదైతే పాలిస్టర్ వానకు తట్టుకుంటుంది, తొందరగా ఆరుతుంది. పండగ రోజున మాత్రం ఖాదీయే కట్టండని నా మనవి. దాని బరువు వేరు, అది విచ్చుకునే తీరు వేరు. భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన మొట్టమొదటి నంబరు, ఐఎస్ 1, జాతీయ జెండాదే. నేత, రంగు, కుట్టు అన్నిటికీ అందులో లెక్కలున్నాయి. ఆ ప్రమాణానికి తగ్గట్టు ఖాదీ జెండాలు తయారుచేయడంలో కర్ణాటకలోని హుబ్బళ్ళి దగ్గర బెంగేరి కేంద్రం పేరున్నది. ప్లాస్టిక్ జెండాలు ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జులై 1 నుంచి వచ్చిన నిషేధంలో ప్లాస్టిక్ జెండాలూ ఉన్నాయి.

కొలత ఏదైనా పొడవు, వెడల్పు 3:2 నిష్పత్తిలో ఉండాలి. కోడ్‌లో 6300 మిల్లీమీటర్ల పొడవు నుంచి 150 మిల్లీమీటర్ల దాకా తొమ్మిది సైజులున్నాయి. అన్నిటికంటే చిన్నది బల్ల మీద పెట్టుకునేది, దానికి పైది కార్లకు. మీ 30 అడుగుల స్తంభానికి 1800 × 1200 సరిపోతుంది, అంటే దాదాపు 6 అడుగులు, 4 అడుగులు. జెండా పొడవు స్తంభం ఎత్తులో నాలుగో వంతుకు అటూ ఇటూ ఉంటే చూడ్డానికి బాగుంటుందని నా అనుభవం. పెద్దది కావాలని 2700 × 1800 కొంటే అంత గుడ్డ గాలిని పట్టేస్తుంది, తాడు మీద, కప్పీ మీద భారం పడుతుంది, అంచు తొందరగా పీలికలవుతుంది. హైదరాబాద్ సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న 291 అడుగుల స్తంభం మీద పెద్ద జెండా ఎగరేశారు. అంత ఎత్తున గాలికి అది చిరగడం, మళ్ళీ మార్చడం చాలాసార్లు వార్తల్లో చదివే ఉంటారు. ప్రభుత్వానికైతే మార్చే మనుషులుంటారు.

ఇప్పుడు అసలు పని, జెండా కట్టడం. చట్టం పుస్తకాల్లో ఇది ఉండదు. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

మంచి జెండాకు కర్ర వైపు అంచున తెల్లటి మందపాటి పట్టీ కుట్టి ఉంటుంది. దాని లోపల నుంచి తాడు వస్తుంది. పై కొసన చిన్న చెక్క బుడిపె, కింది కొసన వదులు తాడు. బుడిపె ఉన్న వైపు కాషాయం. చవక జెండాలకు ఈ బుడిపె ఉండదు, ఉట్టి పట్టీ ఉంటుంది. తెల్లవారుజామున హడావుడిగా కట్టేటప్పుడు తలకిందులయ్యేది ఇలాంటివే. నేను ఒక పని చేసేవాణ్ణి. ముందురోజు సాయంత్రం పట్టీ మీద కాషాయం వైపు పెన్సిల్‌తో కాదు, తాడు కొసకే ఒక దారం ముడి వేసి గుర్తు పెట్టుకునేవాణ్ణి. జెండా మీద ఏ రాతా ఉండకూడదు, పట్టీ మీద కూడా రాయడం నాకిష్టం లేదు.

శుభ్రమైన దుప్పటి పరిచి దాని మీద జెండాను అడ్డంగా పరవండి. కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెలుపు కిందికి మడవండి. ఇప్పుడు మీకు తెల్ల పట్టీ, మధ్యలో చక్రం కనిపిస్తాయి. రెండు వైపుల నుంచీ తెల్ల పట్టీని లోపలికి మడిస్తే చివరికి అశోకచక్రం, దాని పక్కన కొంచెం కాషాయం, కొంచెం ఆకుపచ్చ మాత్రమే పైకి కనబడతాయి. దాచిపెట్టడానికి ఇదే మడత. చేతుల్లో మోసేటప్పుడు రెండు అరచేతుల మీద పట్టుకోవాలి, చంకలో కాదు.

పైకి వెళ్ళాక విచ్చుకునేలా కట్టాలంటే మడత కొంచెం మారుతుంది. ఇలా మడిచిన జెండాను కర్ర వైపు పట్టీ బయటికి వచ్చేలా చుట్టగా చుడతాం. పూలు పెట్టాలంటే చుట్టే ముందే గుప్పెడు రేకులు వేయాలి. రేకులు పెట్టడానికి కోడ్ ఒప్పుకుంటుంది. బంతి పూలు మొత్తంగా పెట్టకండి, రేకులు విడదీయండి, తడి లేకుండా చూడండి. తడి రేకులు గుడ్డకు అంటుకుని మరకలవుతాయి. జెండా పై కొసను తాడు పై పాయకు, కింది కొసను కింది పాయకు గట్టిగా కట్టాక, కింది పాయను చుట్ట చుట్టూ రెండుసార్లు తిప్పి జారుముడి వేయాలి. మొత్తం సంగతి ఈ ముడిలోనే ఉంది. మెలికలోంచి తాడును మడిచి ఆ మడతను మాత్రమే దూర్చాలి. కొసను మొత్తం అటువైపు లాగేశారా, అది గట్టి ముడి అయిపోతుంది, కింద నుంచి ఎంత గుంజినా రాదు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, జనవరి 26. ఊరి పెద్ద ఒకాయన ముఖ్య అతిథి. రాత్రి ఎనిమిదింటికే జెండా కట్టి పైకి లాగి ఇంటికెళ్ళాను. తెల్లవార్లూ మంచు పడింది. నూలు తాడు మంచుకు తడిసి ఉబ్బి బిగుసుకుంది. పొద్దున ఆయన లాగారు, రాలేదు. గట్టిగా లాగారు, రాలేదు. మూడోసారి చుట్ట మొత్తం పక్కకు వాలింది. నాలుగు వందల మంది పిల్లలు సావధాన్‌లో నిలబడి పైకి చూస్తున్నారు. చివరికి జెండాను కిందికి దించి, ముడి విప్పి, విచ్చిన జెండానే మళ్ళీ పైకి లాగాం. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ ఆరో తరగతి పిల్లవాడొకడు తర్వాత వచ్చి "జెండాకి దెబ్బ తగిలిందా సార్" అని అడిగాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. ఆ తర్వాత ముందురోజు రాత్రి ఎప్పుడూ జెండా పైకెక్కించలేదు. తెల్లవారుజామున పొడి తాడుతో కట్టి, ఒకసారి పైకి లాగి, విప్పి చూసి, మళ్ళీ కట్టేవాణ్ణి. మీరు కూడా ఆగస్టు 14 సాయంత్రం కప్పీకి నూనె వేయించి, తాడు సాఫీగా తిరుగుతోందో లేదో చూసి, ముడి రెండు మూడుసార్లు వేసి లాగి చూడండి. ఆగస్టులో వానలు కదా, జెండా కట్టేది మాత్రం 15 పొద్దున్నే.

ఇంకో మాట. ఆగస్టు 15న ఎర్రకోట దగ్గర ప్రధానమంత్రి జెండాను కింద నుంచి పైకి లాగి ఎగరేస్తారు. జనవరి 26న రాష్ట్రపతి పైన కట్టి ఉన్న జెండాను విప్పుతారు. ఒకటి కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన రోజు కాబట్టి ఆరోహణ అని, ఇంకొకటి అప్పటికే స్వతంత్రమైన దేశం గణతంత్రమైన రోజు కాబట్టి ఆవిష్కరణ అని చెబుతారు. ఇది ఆచారంగా వస్తున్న తేడా. మీరు ఆగస్టు 15న విచ్చిన జెండానే కింద నుంచి లాగితే ముడి గొడవే ఉండదు, సంప్రదాయమూ కుదురుతుంది. రేకులు రాలవు, అంతే కదా. జెండాను పైకి చురుగ్గా లాగాలి, దించేటప్పుడు నెమ్మదిగా, గౌరవంగా దించాలి. ఇది కోడ్‌లో ఉన్న మాటే. సాయంత్రం దించేటప్పుడు తాడు వదిలేసి జారనిచ్చే వాళ్ళను చూస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఒకరు తాడు వదులుతుంటే ఇంకొకరు కింద రెండు చేతులతో అందుకోవాలి, నేలకు తగలకుండా.

జెండా ఎగరగానే అందరూ దాని వైపు తిరిగి నిటారుగా నిలబడాలి. యూనిఫాంలో ఉన్నవాళ్ళు సెల్యూట్ చేస్తారు. జనగణమన పూర్తిగా పాడటానికి దాదాపు 52 సెకన్లు. స్పీకర్లో పాట పెట్టి ఫోన్లలో వీడియోలు తీసుకోవడం కన్నా మీ కాలనీ పిల్లల చేత పాడించండి. బడుల్లో అయితే పిల్లలు మూడు వైపులా నిలబడతారు, నాలుగో వైపు మధ్యలో జెండా స్తంభం, దానికి మూడు అంగలు వెనక హెడ్మాస్టరు, పిల్లల నాయకుడు, జెండా విప్పేవాళ్ళు ఉంటారు. మీ పార్కులోనూ ఇలా నిలబెడితే అందరికీ జెండా కనిపిస్తుంది, తోపులాట ఉండదు.

ఇక పక్క జెండాల సంగతి. ఒకే స్తంభం మీద జాతీయ జెండాతో పాటు ఇంకే జెండా ఉండకూడదు, అది సంఘానిదైనా, గుడిదైనా, పార్టీదైనా. దానికంటే ఎత్తులో గానీ, దాని పక్కనే సమానంగా గానీ ఇంకో జెండా పెట్టకూడదు. మీ సంఘం జెండా కావాలంటే పార్కు గేటు దగ్గరో, ఆఫీసు గది ముందో, దూరంగా పొట్టి కర్రకు కట్టుకోండి. స్తంభం పైన పూలదండ వేయడం, బెలూన్లు కట్టడం, రంగు కాగితాల తోరణాలు స్తంభం కొస నుంచి లాగడం కూడా వద్దు. గద్దె చుట్టూ ముగ్గు వేయండి, పూలు పెట్టండి. స్తంభం మీద మాత్రం జెండా ఒక్కటే.

రాష్ట్రం జెండా అన్నారు. ఆంధ్రప్రదేశ్‌కు గానీ తెలంగాణకు గానీ అధికారికమైన జెండా లేదు. ఉన్నవి చిహ్నాలు. ఆంధ్రకు అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం, తెలంగాణకు కాకతీయ తోరణం, చార్మినార్. ఆ చిహ్నాన్ని ఒక గుడ్డ మీద అచ్చేసి రాష్ట్రం జెండా అని అమ్మితే అది జెండా అయిపోదు. ప్రభుత్వ చిహ్నాల వాడకం మీద 1950 నుంచే చట్టం ఉంది, సొంతానికి అచ్చేసుకోవడం మంచిది కాదు. ఒకప్పుడు జమ్మూకశ్మీర్‌కు నాగలి గుర్తు, మూడు నిలువు చారలతో ఎర్రటి సొంత జెండా ఉండేది. 2019 ఆగస్టులో ప్రత్యేక హోదా పోవడంతో అదీ పోయింది. కర్ణాటకలో పసుపు ఎరుపు రంగుల జెండా 1960ల నుంచి జనంలో ఉంది, నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవానికి ఊరూరా ఎగురుతుంది. 2018 మార్చిలో అక్కడి ప్రభుత్వం మధ్యలో తెలుపు చేర్చి గండభేరుండం గుర్తుతో కొత్త నమూనా ఆమోదించి కేంద్రానికి పంపింది, కేంద్రం ఆమోదం రాలేదు. రాష్ట్రాభిమానం తప్పు కాదు. రాష్ట్ర అవతరణ రోజున కూడా మనం ఎగరేసేది జాతీయ జెండానే కదా, అందులోనే మన రాష్ట్రమూ ఉంది.

ఆ మాటకొస్తే తెలుగువాళ్ళకు ఈ జెండా మీద ఉన్న హక్కు చిన్నది కాదు. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు 1916లోనే జాతీయ జెండా ఎలా ఉండాలో నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు గాంధీ గారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా చూపించారు. తెలుపు చేర్చమన్నది గాంధీ గారు. అది ఎన్నో మార్పులతో 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అయింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ అప్పటిదాకా మధ్యలో ఉన్న రాట్నం స్థానంలో 24 ఆకుల అశోకచక్రంతో ఆమోదించింది. ఇటు నిజాం రాజ్యంలో అప్పుడు ఈ జెండా ఎగరేయడమే నేరం. 1947 ఆగస్టు 15న దేశమంతా పండగ చేసుకుంటుంటే హైదరాబాద్‌లో జెండా ఎగరేసినందుకు హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. మీ కార్యక్రమంలో మాట్లాడేవాళ్ళకు ఈ రెండు సంగతులు చెప్పమనండి. పిల్లలు వింటారు.

అమెరికా జెండా అవసరం లేదు. ఆయన మీ దాతగా, మీ ఊరివాడిగా వస్తున్నారు గానీ ఆ దేశం తరఫున కాదు. ఒకవేళ ఎప్పుడైనా నిజంగా విదేశీ ప్రతినిధులు వచ్చి రెండు దేశాల జెండాలూ పెట్టాల్సి వస్తే, రెండు వేర్వేరు స్తంభాలు, ఒకే ఎత్తు, దాదాపు ఒకే సైజు జెండాలు. శాంతి సమయంలో ఒక దేశం జెండాను ఇంకో దేశం జెండా కంటే ఎత్తులో పెట్టకూడదన్నది అంతర్జాతీయ పద్ధతి. మన జెండా కుడివైపు ఉండాలి. ఎవరి కుడి అన్న దగ్గరే అందరూ తికమకపడతారు. జెండా మనిషై మన వైపు తిరిగి నిలబడిందనుకోండి, దాని కుడి చేయి. అంటే ఎదురుగా చూసేవాళ్ళకు ఎడమ చివర. చాలా దేశాలవి వరుసగా ఉంటే మనది ముందు, మిగతావి వాటి ఇంగ్లీషు పేర్ల అక్షర క్రమంలో. మనది ముందు ఎగరేసి చివర దించాలి.

ఇదే సూత్రం మీ హాల్లోనూ పనికొస్తుంది. గోడకు అడ్డంగా పెడితే కాషాయం పైన. నిలువుగా వేలాడదీస్తే కాషాయం చూసేవాళ్ళ ఎడమ వైపు రావాలి. వేదిక మీద కర్రకు పెడితే, సభ వైపు తిరిగి మాట్లాడేవాడి కుడి చేతి పక్కన ఉంచాలి. టేబుల్ మీద గుడ్డలా పరవడం, వేదిక ముందు కట్టడం, విగ్రహానికి ముసుగు వేయడం ఏవీ కుదరవు.

కారు బానెట్ మీద, బండి ముందు కర్ర బిగించి జెండా కట్టుకుని తిరగాలనే కుర్రాళ్ళు ఉంటే ఆపండి. వాహనం మీద జెండా పెట్టుకునే అధికారం రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు, సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులు లాంటి కొందరికే ఉంది. పిల్లలు చేత్తో ఊపే కాగితం జెండాలకు అభ్యంతరం లేదు. కార్యక్రమం అయ్యాక అవి పార్కులో, రోడ్డు మీద కాళ్ళ కింద పడకుండా ఏరించడం మీ పని. పెద్ద అట్టపెట్టె ఒకటి గేటు దగ్గర పెట్టి, వెళ్ళేటప్పుడు అందులో వేయమని పిల్లలకే చెప్పండి. మా బళ్ళో ఏడో తరగతి వాళ్ళు ఈ పని పోటీపడి చేసేవాళ్ళు.

మీరు అడగలేదు గానీ ఏదో ఒక రోజు ఎదురవుతుంది. కాలనీ పెద్దాయన ఎవరైనా పోతే జెండా అవనతం చేద్దామంటారు. అలా చేయకూడదు. రాష్ట్రపతి, ప్రధాని, ముఖ్యమంత్రి స్థాయి వాళ్ళు మరణించినప్పుడు ప్రభుత్వం ఆదేశిస్తేనే అవనతం. అప్పుడు కూడా జెండాను ముందు కొస దాకా ఎక్కించి, తర్వాత సగానికి దించాలి. సాయంత్రం దించేముందు మళ్ళీ కొస దాకా తీసుకెళ్ళి అప్పుడు కిందికి తేవాలి. ప్రైవేటు అంత్యక్రియల్లో భౌతికకాయం మీద జాతీయ జెండా కప్పడానికి లేదు. అది ప్రభుత్వ లాంఛనాలకు, సైనిక, కేంద్ర సాయుధ బలగాల అంత్యక్రియలకే. అక్కడా కాషాయం తల వైపు ఉంటుంది, చితిలోకి గానీ సమాధిలోకి గానీ జెండా వెళ్ళదు.

బీరువాలోని చిరిగిన జెండా సంగతి. దాన్ని కుట్టించి మళ్ళీ ఎగరేయొద్దు, ముక్కలు చేయొద్దు, చెత్తలో వేయొద్దు, తుడుపు గుడ్డగా మారనివ్వొద్దు. మొత్తం జెండాను మడతగా ఉంచి, నలుగురి ముందూ కాకుండా, గౌరవంగా దహనం చేయమని కోడ్ చెబుతుంది. ఫొటోలు తీయకండి, దాన్ని ఎవరైనా చూసి వేరేగా అర్థం చేసుకుంటారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఉదయాన్నే శుభ్రమైన చోట, ఇనప పళ్ళెంలోనో మట్టి మూకుడులోనో చేస్తే చాలు. ఖాదీ అయితే తొందరగా కాలిపోతుంది. పాలిస్టర్ కరిగి అంటుకుంటుంది, పొగ వాసన వస్తుంది, దాన్ని ఆరుబయట గాలి ఉన్న చోట చేయండి. నేను అలాంటి జెండాలు చాలా దహనం చేశాను. పూర్తయ్యే దాకా పక్కనే నిలబడేవాణ్ణి. బూడిదను ఏదో ఒక చెట్టు మొదట్లో గుంట తీసి కప్పేవాళ్ళం.

శిక్షల గురించి భయపడుతున్నారు కాబట్టి ఇది చెప్పాలి. జాతీయ గౌరవానికి భంగం కలిగించడాన్ని నివారించే 1971 చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అయితే జెండాను నేలకు తగలనివ్వడం, కాషాయం కిందికి వచ్చేలా ఎగరేయడం లాంటివి కావాలని చేస్తేనే అవమానమని ఆ చట్టంలో ఉంది. పొరపాటున తలకిందులైతే కంగారు పడి అరవకండి, మైకులో ఎవరినీ తిట్టకండి. నెమ్మదిగా దించి, సరిచేసి, మళ్ళీ ఎగరేయండి. అందరూ నిలబడే ఉంటారు.

ఆగస్టు 14 సాయంత్రం నూలు తాడు, కప్పీకి నూనె, శుభ్రమైన దుప్పటి, అదనంగా ఇంకో జెండా, రేకులు, కత్తెర ఒక సంచిలో పెట్టి ఉంచండి. ఆ సంచి, 15 సాయంత్రం జెండా దించే ఇద్దరి ఫోన్ నంబర్లు ఒకరి దగ్గరే ఉండాలి. ముడి వేయడం రాకపోతే మీ దగ్గర్లోని ఏ హైస్కూలు డ్రిల్లు మాస్టారినైనా అడగండి, సంతోషంగా వచ్చి నేర్పుతారు.